కొంగు టికెట్టు

మొన్న నరసరావుపేటలో ఒక సభకు వెళ్లి ఒళ్లు మండి ఇంటికొచ్చాను. పాత రోజుల ముచ్చట్లు చెప్పుకునే సభ అది. రిటైరైన తెలుగు మాస్టారు త్రికోటేశ్వరరావుగారు మైకు ముందు నిలబడి, "బ్లాకు టికెట్టుని మన పేటలో కొంగు టికెట్టు అనేవాళ్లు. ఎందుకంటే ఆ రోజుల్లో కొందరు ఆడవాళ్లు టికెట్లు కొంగులో దాచిపెట్టి దొంగచాటుగా అమ్మేవాళ్లు" అని సెలవిచ్చారు. జనం పకపకా నవ్వారు. నాకు ఎనభై మూడేళ్లు, మోకాళ్లు మాట వినవు. లేకపోతే లేచివెళ్లి ఆ మైకు లాక్కునేదాన్నే.

దాచిపెట్టడమా? దొంగచాటుగానా? నా మొహం! పట్టపగలు బజారు జనమంతా చూస్తుండగా జరిగినదానికి ఈయన దొంగతనం అంటగడతాడేమిటి? ఆ మాట పుట్టింది మా అమ్మ కొంగులో. పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చెప్పాల్సినదాన్ని నేను, అందుకే చెబుతున్నాను.

మా అమ్మ పేరు జ్ఞానమ్మ. మా పల్లె రైలుకట్ట అవతల ఉండేది. మా నాన్న నా చిన్నప్పుడే విషజ్వరంతో పోయాడు. పొలం పనులు లేని నెలల్లో అమ్మ వేరుశనక్కాయలు ఉడకబెట్టి, గంప నెత్తిన పెట్టుకుని, స్టేషను రోడ్డులో రేకుల సినిమాహాలు ముందు కూర్చునేది. ఎనిమిదో తరగతి పాసై ఇంట్లో ఉన్న నేను పక్కన కూర్చుని పొట్లాలు చుట్టేదాన్ని. మధ్యాహ్నం ఒంటిగంటకు హాలువాళ్లు మైకులో రికార్డు వేసేవాళ్లు. ఆ పాట వినబడిందంటే చాలు, ములకలూరు వైపు నుంచీ రొంపిచర్ల వైపు నుంచీ గూడుబండ్లు బారులు తీరేవి. ఎద్దుల మెడల్లో గంటలు, బండ్లలోంచి మల్లెపూల వాసన, మా గంపలోంచి శనక్కాయల ఆవిరి. ఇప్పటికీ ఎక్కడైనా శనక్కాయలు ఉడుకుతున్న వాసన వస్తే నా వయసు నేను మర్చిపోతాను.

మా అమ్మ మాత్రం జన్మలో సినిమా చూడలేదు. మేం కిరస్తానీలం, మా సంఘంలో సినిమా చూడటం పాపం. కానీ రేకుల గోడ ఇవతల కూర్చుని పాటలన్నీ నేర్చేసుకుంది. ఇంట్లో గిన్నెలు తోముతూ కూనిరాగం తీసేది. మధ్యలో గుర్తొచ్చి నాలిక్కరుచుకుని, అదే రాగంలో "యేసయ్యా" అని కలిపేసేది. "ఏందమ్మా ఆ పాట?" అంటే, "కీర్తనేలే, నీకు తెలవదు" అనేది. నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని.

ఇక టికెట్ల సంగతి. హాలులో ఆడవాళ్లకు వేరే బుకింగు ఉండేది. ఒక్క మనిషి మాత్రమే పట్టేంత ఇరుకు సందు, రెండు పక్కలా రేకులు, చివర గోడకు ఒక కంత. ఆ కంతలో డబ్బుల పిడికిలి పెడితే లోపలి గుమాస్తా పిడికిలి విప్పి డబ్బులు తీసుకుని టికెట్లు పెట్టేవాడు. ఆ సందులోకి మగవాణ్ణి రానివ్వరు. బండ్లలో వచ్చే కామందుల ఇళ్ల ఆడవాళ్లేమో నలుగురిలో తోసుకుంటూ నిలబడరు, పరువు తక్కువ. పాలేరును పంపుదామంటే వాడు మగవాడాయె. ఇట్లా అవస్థ పడుతుంటే రొంపిచర్ల వీరరాఘవమ్మగారు ఒకరోజు బండిలోంచి మా అమ్మను కేకేసింది.

"ఏమే జ్ఞానమ్మా, నువ్వు కాస్త నిలబడి నాలుగు టికెట్లు తెచ్చిపెట్టవే. ఊరికే వద్దులే, పైన అణా ఇస్తా."

అమ్మ వెళ్లి నిలబడింది. టికెట్లు తెచ్చి చెయ్యి చాపింది. వీరరాఘవమ్మగారు చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుని, "ఆగవే ఆగు" అని తన పట్టుకొంగు బండి బయటికి పరిచింది. "ఇందులో వెయ్యి."

అమ్మకు అర్థమైంది. మళ్లీసారి నుంచి టికెట్లు తన కొంగున ముడేసుకుని వచ్చి, ముడి విప్పి, వాళ్ల కొంగులోకి జారవిడిచేది. కొంగులోంచి కొంగులోకి. చెయ్యీ చెయ్యీ తగలకూడదు, అంతే. కాగితానికి అంటు లేదట, మా చేతికి ఉందట. మాస్టారూ, విన్నారా? ఆ కొంగు టికెట్టు దాచడానికి కాదు.

నేను రుసరుసలాడేదాన్ని. అమ్మ నవ్వేసేది. "టికెట్టు గదే వాళ్లకి కావాల్సింది, నా చెయ్యెందుకు?" అనేది. కానీ ఇంటికొచ్చి కాళ్లూ చేతులూ కడుక్కునేటప్పుడు ఆ కుడి చెయ్యి కాసేపు తిప్పి తిప్పి చూసుకునేది. నేను చూడనట్టు ఉండేదాన్ని.

రెండేళ్లు బాగానే నడిచింది. పందొమ్మిది వందల యాభై ఎనిమిది వచ్చేసరికి హాలువాళ్లకు కన్ను కుట్టింది. ఒకే మనిషి నాలుగుసార్లు వచ్చి టికెట్లు పట్టుకుపోతోందని గుమాస్తా ఒక ఉపాయం చేశాడు. టికెట్లు ఇచ్చేముందు అరచేతిలో ఊదారంగు రబ్బరు ముద్ర కొట్టేవాడు. ముద్ర ఉన్న చెయ్యి మళ్లీ కంతలోకి వస్తే టికెట్లు లేవు. ఆ సిరా ఎక్కడ తెచ్చాడో మహానుభావుడు, మూడు రోజులు కడిగినా పోయేది కాదు.

సరిగ్గా అప్పుడే నా బతుకు ఒక ఉత్తరం దగ్గరికొచ్చి ఆగింది. గుంటూరులో ఆడపిల్లల టీచరు ట్రైనింగు స్కూల్లో నాకు సీటు వచ్చేట్టుంది. మిషను స్కూలు కాబట్టి, తల్లి ప్రభువు బల్లలో, అంటే ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షారసంలో పాలు తీసుకునే మనిషేనని మా చర్చి అయ్యగారూ, సంఘపెద్దా సంతకాలు పెట్టిన ఉత్తరం కావాలన్నారు. ఈస్టరు తర్వాత శుక్రవారానికి అందాలి. ఆ ఉత్తరం ఉంటే నేను టీచరమ్మను. లేకపోతే మర్నాటి నుంచి మిరప చేలోకి.

సంఘపెద్ద అబ్రహాము మామయ్య. మా పల్లె బడిలో పంతులు. చెడ్డవాడు కాదు, కానీ నిప్పులాంటి మనిషి. ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మను నిలబెట్టి అడిగాడు.

"చెల్లెమ్మా, నీ కష్టం నాకు తెలవదా? కానీ సినిమాహాలు ముద్ర కొట్టించుకున్న చేత్తో ప్రభువు రొట్టె ఎట్టా పట్టుకుంటావు? పండగదాకా ఆ సందులోకి పోబాక. పండగనాడు నీ అరచేతిలో ముద్ర కనబడిందా, నీకు బల్ల లేదు, పిల్లకి ఉత్తరం లేదు."

"పోనన్నా" అంది అమ్మ. "శనక్కాయలు అమ్ముకోవచ్చునా?" అని అడిగింది.

"శనక్కాయలకేం పాపముంది?" అన్నాడాయన.

అంత వరకూ బాగానే ఉంది. కానీ ఈస్టరు ముందురోజు శనివారం హాలుకు కొత్త పౌరాణిక చిత్రం వచ్చింది. బండ్లు రైలుగేటు దాకా ఆగిపోయాయి. మాట ఇచ్చిన అమ్మ గంప దగ్గర నుంచి కదల్లేదు. తన బదులు మా పల్లె ఆడవాళ్లను ఆరుగురిని నిలబెట్టింది. "నిలబడండి, టికెట్టు తెచ్చి నాకియ్యండి, అంతే. లోపలికి తొంగి కూడా చూడబాకండి" అని గట్టిగా చెప్పింది.

ఆరుగురి వెనక ఏడో మనిషి ముసుగు దించుకుని నిలబడి ఉంది. చూస్తే గ్రేసమ్మత్త. సాక్షాత్తూ అబ్రహాము మామయ్య భార్య!

"ఏందొదినా ఇది! అన్నకి తెలిస్తే?" అంది అమ్మ గుండెలు బాదుకుంటూ.

"అరవకొదినా నీకు దణ్ణం పెడతా. ముప్పై ఏళ్లబట్టి ఆయనతో కాపరం చేస్తన్నా, ఈ సందెట్టా ఉంటదో కూడా చూళ్లేదు. ఒక్కసారి నిలబడి ఎల్లిపోతా" అంది గ్రేసమ్మత్త. అమ్మ ఆపేలోపే ఆవిడ సందులోకి దూరింది.

గంట గడిచింది. ఉన్నట్టుండి సందులోంచి కేకలు. నేను ఎగబాకి రేకు మీదుగా చూశాను. గ్రేసమ్మత్త చెయ్యి కంతలో ఇరుక్కుపోయింది. టికెట్ల పిడికిలి గట్టిగా బిగించేసింది, పైగా చేతినిండా మట్టిగాజులు. పిడికిలి విప్పితే చెయ్యి వస్తుంది, కానీ కంగారులో ఆవిడకు ఆ సంగతి తోచడం లేదు. వెనక నుంచి జనం తోస్తున్నారు. ఆవిడ మొహం రేకుకు నొక్కుకుపోయి ఊపిరాడటం లేదు.

అమ్మ గంప వదిలేసి పరుగెత్తింది. అడ్డంగా కట్టిన కర్ర కింద నుంచి దూరి, ఆవిడ చెయ్యి పక్కనే తన చెయ్యి కంతలోకి తోసి, ఆవిడ వేళ్లు ఒక్కొక్కటీ విప్పి టికెట్లు జారవిడిపించింది. రెండు గాజులు పగిలాయి, చెయ్యి బయటపడింది. లోపలి గుమాస్తాకు మొహాలు కనబడవు కదా. కొత్త చెయ్యి వచ్చిందనుకుని, అలవాటు కొద్దీ ఇంకా కంతలోనే ఉన్న మా అమ్మ అరచేతిలో టపీమని ముద్ర కొట్టేశాడు.

గ్రేసమ్మత్తను గంప పక్కన కూర్చోబెట్టి నీళ్లు తాగించాం. కాస్త తేరుకున్నాక ఆవిడ అమ్మ చెయ్యి చూసింది. తన చెయ్యి చూసుకుంది. రెండింట్లోనూ అదే ముద్ర. ముసుగేసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అమ్మ చింతపండుతో తోమింది, బూడిదతో తోమింది, కిరసనాయిలు పోసి ఇటుకపొడితో రుద్దింది. చర్మం లేచింది గానీ ముద్ర లేవలేదు. నేను ఏడుపూ కోపమూ కలిసి అరిచాను.

"అబ్రహాము మావయ్య దగ్గరికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పమ్మా! నువ్వు నిలబడలేదు గదా!"

"చెప్తే గ్రేసమ్మొదిన గతేంది?"

"నా గతేంది మరి?"

అమ్మ నన్ను దగ్గరికి తీసుకోబోయింది. నేను విదిలించుకున్నాను. ఆ విదిలింపు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

తెల్లారి పండుగ ఆరాధన. బల్ల ఉన్న రోజు మా పల్లె ఆడవాళ్లంతా తెల్లచీరలు కట్టుకునేవాళ్లు. ముందు వరసలో గ్రేసమ్మత్త, ఆమె పక్కన నిన్న నిలబడిన ఆరుగురూ, వరస చివర మా అమ్మ మోకరించారు. నేను అమ్మ వెనకే ఉన్నాను. అయ్యగారు రొట్టె పళ్లెం పట్టుకుని బయల్దేరారు. ఆయన వెనక ద్రాక్షారసం గిన్నెతో అబ్రహాము మామయ్య.

అప్పుడు చూశాను. గ్రేసమ్మత్త అరచేతి మీద కొంగు కప్పి పట్టింది. రొట్టె కొంగులో పడింది. ఆమెను చూసి రెండో ఆవిడా కొంగు పట్టింది. మూడో ఆవిడా, నాలుగో ఆవిడా, అందరూ. ఏడు తెల్లకొంగులు. పాపం అయ్యగారు ముసలాయన, ఈ ఏడాది ఆడవాళ్లకు భక్తి బాగా పెరిగిందనుకుని తృప్తిగా తలాడించారు.

నేను ముందుకు వంగి అమ్మ చెవిలో అన్నాను, "అమ్మా, నువ్వు కూడా కొంగు పట్టవే. నీ కాళ్లు మొక్కుతా."

అమ్మ తల తిప్పకుండానే అంది. "హాలు కాడ రెండేళ్లబట్టి కొంగులోనే వేస్తన్నానే. దేవుడి ముందర కూడా చెయ్యి దాచుకుంటే, ఇంక ఈ చెయ్యి నాకెందుకు?"

అని అరచెయ్యి చాపింది. తోలు లేచి ఎర్రబడిన చేతి మధ్యలో ఊదారంగు ముద్ర. అయ్యగారి చెయ్యి ఆగిపోయింది. వెనక నుంచి అబ్రహాము మామయ్య గొంతు వినబడింది.

"ఆమెకి వద్దయ్యగారూ. మాట తప్పింది."

నా ఉత్తరం అయిపోయింది, నా గుంటూరు అయిపోయింది అనుకున్నాను. అమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నిజం చెప్పనూ లేదు. ఊరికే అట్లా పట్టుకుని ఉంది.

వరస మొదట్లో గాజుల చప్పుడైంది. గ్రేసమ్మత్త లేచి నిలబడింది.

"అయితే నాది కూడా తీసేసుకోండి అయ్యగారూ" అంది.

కొంగు పక్కకు లాగింది. ఏప్రిలు ఎండకు చెయ్యంతా చెమట. రుద్దితే పోని ముద్ర చెమటకు ఊరి తెల్లకొంగు ఊదాగా అయిపోయింది. కొంగులో ఇంకా నోట్లో పెట్టుకోని రొట్టె ముక్కకు కూడా ఆ రంగే అంటింది.

"నిన్న నా చెయ్యి బుకింగు కంతలో ఇరుక్కుంది. జ్ఞానమ్మొదిన రాకపోతే చచ్చేదాన్ని. ఆ చేతిలో ముద్ర నా మూలంగా పడింది. రాత్రంతా చెబుదామని చెబుదామని నోరు రాలేదు నాకు" అని భోరుమంది.

మిగతా ఆరుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒక్కొక్క కొంగూ తొలిగింది. ఒక్కొక్క ఊదా చెయ్యీ బయటికొచ్చింది. మగవాళ్ల వైపు నుంచి ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

అయ్యగారు వెనక్కి తిరిగి, "అబ్రహామూ, ఏం చేద్దామయ్యా?" అన్నారు.

మామయ్య భార్య వంక చూశాడు. మా అమ్మ చేతి వంక చూశాడు. ఆ నిప్పులాంటి మనిషి కళ్లలో నీళ్లు నేను చూశాను, ఎవరన్నా కాదంటే పోట్లాడతాను. గిన్నె పట్టుకుని వరస చివరికి, మా అమ్మ దగ్గరికే ముందు వచ్చి నిలబడ్డాడు. అయ్యగారు రొట్టె తుంచి అమ్మ అరచేతిలో, సరిగ్గా ఆ ముద్ర మీదే పెట్టారు.

గురువారం పొద్దున్నే మామయ్య స్వయంగా ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. "మీ అత్త మీద నాలుగు రోజులు అలిగానే దయామణీ. అన్నం మటుకు అదే పెట్టింది" అన్నాడు. నా పేరు దయామణి అని ఇంతవరకూ చెప్పలేదు కదూ! కోపంలో మర్చిపోయాను.

ఇక ఆ మాట. సోమవారం నుంచే మా పల్లెలో ఒకటే ఎగతాళి. "నీది చేతి రొట్టా, కొంగు రొట్టా?" అని ఒకర్నొకరు ఆటపట్టించేవాళ్లు. తర్వాతి వారం హాలు దగ్గర బండ్లలోంచి కొంగులు పరిచిన కామందుల ఆడవాళ్లను చూసి మావాళ్లు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అదుగో, కొంగు టికెట్టు" అని నవ్వేవాళ్లు. చెయ్యి చాపే ధైర్యం లేనివాళ్ల టికెట్టు అని దాని అర్థం. వెక్కిరింత కొన్నవాళ్ల మీద, అమ్మినవాళ్ల మీద కాదు! అది బజారెక్కి, మాచర్ల బస్సు దాకా పాకి, చివరికి బ్లాకు టికెట్టుకు పేరై కూర్చుంది.

ఉత్తరం చేరింది, నాకు సీటు వచ్చింది, ఆదివారం గుంటూరు రైలెక్కాలి. అందుకే దాని ముందురోజు శనివారం కూడా అమ్మతో హాలుకు వెళ్లాను. సందులో నిలబడొద్దని ఆమెను మళ్లీ ఎవరూ అనలేదు. వీరరాఘవమ్మగారి బండి వచ్చింది. అమ్మ టికెట్లు తెచ్చింది. ఈసారి కొంగున ముడేయలేదు, పిడికిట్లోనే ఉన్నాయి. ఆవిడ ఎప్పట్లాగే కొంగు పరిచింది.

"చెయ్యి చాపండమ్మా" అంది అమ్మ.

"ఏందే, కొత్తగా?"

"కొంగులో ఇంక వెయ్యనమ్మా. చేతికయితే ఇస్తా. లేదంటే మీరు దిగి నిలబడండి."

బండిలోంచి ఆవిడ అత్తగారు, "ఎంత పొగరే దీనికి! బండి తిప్పమను" అంది. అంతలో మైకులో రికార్డు ఆగిపోయింది. రికార్డు ఆగిందంటే లోపల బొమ్మ మొదలవుతుందన్నమాట. వీరరాఘవమ్మగారు హాలు గుమ్మం వైపు చూసింది, అత్తగారి వైపు చూసింది. తర్వాత మెల్లగా కొంగు ఒళ్లోకి లాక్కుని, గోరింటాకుతో ఎర్రగా పండిన చెయ్యి బండి బయటికి చాపింది.

అమ్మ టికెట్లు ఆ చేతిలో పెట్టింది. పెట్టి, ఆ వేళ్లను తన వేళ్లతో మూసి, ఒక్క క్షణం అట్లాగే పట్టుకుని వదిలింది. వచ్చి గంప దగ్గర కూర్చుంది. శనక్కాయల పొట్లం చుట్టబోయి, ఆపి, తన కుడి అరచెయ్యి ఒకసారి తిప్పి చూసుకుంది.